కొత్త కంప్యూటర్‌లో ఏం వేసుకోవాలి, ఏం తీసేయాలి?

కొత్తగా విండోస్ 11 ల్యాప్‌టాప్ కొన్నాం. పిల్లల చదువుకీ ఇంటి లెక్కలకీ వాడతాం. డబ్బు కట్టక్కర్లేని సాఫ్ట్‌వేర్లలో ఏవి తప్పనిసరి? యాంటీవైరస్ కొనాలా?
– ఓ పాఠకురాలు, తణుకు

యాంటీవైరస్ కొనొద్దు. విండోస్‌తోపాటే వచ్చే మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఇంటి వాడకానికి సరిపోతుంది. చిక్కేమిటంటే, చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో తయారీ కంపెనీ ఇంకో యాంటీవైరస్‌ను ట్రయల్‌గా పెట్టి పంపుతుంది. అది ఉండగా డిఫెండర్ పక్కకు తప్పుకుంటుంది. గడువు తీరాక డబ్బు కట్టమని రోజూ గుర్తుచేయడం తప్ప ఆ ట్రయల్ వల్ల మీకు ఒరిగేదేమీ ఉండదు. సెట్టింగ్స్‌లో యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లోకి వెళ్లి దాన్ని తీసేసి, రీస్టార్ట్ చేయండి. తర్వాత విండోస్ సెక్యూరిటీ తెరిస్తే 'వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్' మీద ఆకుపచ్చ టిక్కు కనిపించాలి. ఆపైన విండోస్ అప్‌డేట్. కొత్త మెషిన్‌కు ఒక్క విడతలో అన్నీ రావు. రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ మళ్లీ చూడండి.

ఇక వేసుకోవాల్సినవి మూడే. ఉత్తరాలకూ లెక్కలకూ లిబ్రెఆఫీస్, ఏ వీడియో అయినా ఆడించే వీఎల్‌సీ, బ్రౌజర్‌గా ఫైర్‌ఫాక్స్. ఫైర్‌ఫాక్స్ ఎందుకంటే, ప్రకటనలను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్-ఆన్ (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాము) పూర్తి రూపం అందులో పనిచేస్తుంది. క్రోమ్‌లో ఇప్పుడు దాని 'లైట్' రూపమే మిగిలింది. పిల్లలు నొక్కే దొంగ 'డౌన్‌లోడ్' బటన్లు చాలావరకు ప్రకటనలే కాబట్టి దీన్ని మేం ముచ్చటకు వేసుకునేదిగా చూడం.

వీటిని గూగుల్‌లో వెతికి, పైన 'స్పాన్సర్డ్' అని కనిపించే లింకు నొక్కకండి. అసలు పేర్లను పోలిన నకిలీ సైట్లు అక్కడే కాచుకుని ఉంటాయి. లిబ్రెఆఫీస్ డాట్ ఆర్గ్, వీడియోలాన్ డాట్ ఆర్గ్ అని అడ్రస్ బార్‌లో నేరుగా కొట్టండి. వీఎల్‌సీ దొరికేది ఈ రెండోదానిలో.

జిప్, ఆర్ఏఆర్ ఫైళ్లను (కుదించి మూటకట్టినవి) ఇప్పటి విండోస్ 11 తనే విప్పుతుంది. పాస్‌వర్డ్ పెట్టిన ఆర్ఏఆర్ దగ్గర మొరాయిస్తే 7-జిప్ వేసుకోండి.

లిబ్రెఆఫీస్‌లో టైపు చేసిన లెటర్ జిరాక్స్ షాపులో తెరిస్తే వరసలు చెదిరిపోతున్నాయి. పైగా ఫాంట్ మార్చినా తెలుగు అక్షరాలు మారడం లేదు.
– ఓ పాఠకుడు, ఖమ్మం

ఇవి రెండు వేర్వేరు సమస్యలు. లిబ్రెఆఫీస్ మామూలుగా ఓడీటీ అనే తన రకంలో సేవ్ చేస్తుంది, దాన్ని షాపులో వర్డ్‌లో తెరిస్తే వరసలు చెదరొచ్చు. టూల్స్, ఆప్షన్స్, లోడ్/సేవ్, జనరల్‌కు వెళ్లి 'ఆల్వేస్ సేవ్ యాజ్' దగ్గర వర్డ్ డీఓసీఎక్స్ ఎంచుకోండి. స్ప్రెడ్‌షీట్‌కు విడిగా ఎక్సెల్ ఎంచుకోవాలి. అయినా షాపు కంప్యూటర్‌లో మీ ఫాంట్ లేకపోతే వరసలు మళ్లీ జరుగుతాయి. అందుకే ప్రింటుకు ఎప్పుడూ పీడీఎఫ్ చేసి తీసుకెళ్లండి. ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ చేస్తే ఫాంట్ కూడా ఫైల్ లోపలే ఉంటుంది.

రెండోదానికి కారణం వేరు. ఇంగ్లిష్ లిపికి ఒక ఫాంటు, తెలుగు, హిందీ లాంటి లిపులకు ఇంకో ఫాంటు లిబ్రెఆఫీస్ విడిగా గుర్తుపెట్టుకుంటుంది. ఆప్షన్స్‌లోని భాషల విభాగంలో 'కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్' (సీటీఎల్) దగ్గర తెలుగు పెట్టండి. ఆ తర్వాత ఫార్మాట్, క్యారెక్టర్‌లో సీటీఎల్ ఫాంట్ అని వేరే భాగం కనిపిస్తుంది. తెలుగు ఫాంటు, సైజు అక్కడ మార్చాలి. మండలి, రామభద్ర, సురన్న లాంటి మంచి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. డౌన్‌లోడ్ చేసిన జిప్ విప్పి, ఫాంట్ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ నొక్కి, లిబ్రెఆఫీస్ మూసి మళ్లీ తెరవండి.

టైపింగ్‌కు వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. సెట్టింగ్స్‌లోని టైమ్ అండ్ లాంగ్వేజ్‌లో తెలుగు భాషను చేర్చండి. అప్పుడు 'డిస్‌ప్లే లాంగ్వేజ్' టిక్కు తీసేయకపోతే మెనూలన్నీ తెలుగులోకి మారిపోవచ్చు. తర్వాత తెలుగు పక్కన మూడు చుక్కలు నొక్కి, లాంగ్వేజ్ ఆప్షన్స్‌లో 'తెలుగు ఫొనెటిక్' కీబోర్డు కలపండి. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. విండోస్‌కు గూగుల్ ఇన్‌పుట్ టూల్స్ సెటప్ ఫైల్ అంటూ ఇప్పటికీ కొన్ని సైట్లు పంచుతున్నాయి. దాన్ని గూగుల్ ఎప్పుడో ఆపేసింది, ఆ ఫైళ్ల జోలికి పోకండి.

ఈ-ఆధార్ పీడీఎఫ్ తెరవడానికి అడోబ్ రీడర్ కావాలా?
– ఓ పాఠకురాలు, కర్నూలు

తెరవడానికి బ్రౌజర్ చాలు. పాస్‌వర్డ్: పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు పెద్దబడిలో (క్యాపిటల్స్), వెంటనే పుట్టిన సంవత్సరం. డిజిటల్ సంతకాన్ని సరిచూడమని ఎవరైనా అడిగితే మాత్రం అడోబ్ రీడర్ కావాలి. డౌన్‌లోడ్ పేజీలో ముందే టిక్కు పెట్టి ఉన్న అదనపు ఆఫర్లుంటే తీసేయండి.

ఐదొందలిస్తే ఆఫీసు, ఫొటోషాప్ అన్నీ 'యాక్టివేట్' చేసిస్తామని షాపువాళ్లు అంటున్నారు. తీసుకోవచ్చా?
– ఓ పాఠకుడు, వరంగల్

వద్దు. చట్టం సంగతి అటుంచితే, కొనని సాఫ్ట్‌వేర్‌ను కొన్నట్టు నడిపించే ఆ యాక్టివేటర్లు పనిచేయాలంటే ముందు డిఫెండర్‌ను ఆపాలి, లేదా ఫలానా ఫోల్డర్‌ను చూడొద్దని దానికి చెప్పాలి. అలా తెరిచిన దారిలో బ్రౌజర్‌లోని పాస్‌వర్డ్‌లు దొంగిలించే ప్రోగ్రాములు కూడా వస్తాయి. ఇప్పటికే వేయించి ఉంటే, విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ సెట్టింగ్స్ కింద 'ఎక్స్‌క్లూజన్స్' చూడండి. మీరు పెట్టని ఫోల్డరు అక్కడుంటే, ఆ మెషిన్‌లో బ్యాంకు పని ఆపి, విండోస్‌ను మొత్తం రీసెట్ చేయడమే మేలు. పాస్‌వర్డ్‌లు వేరే పరికరం నుంచి మార్చండి. ఫొటోలు దిద్దడానికి గింప్ ఉచితం. నేర్చుకోవడానికి కాస్త ఓపిక కావాలి.

మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. అక్కడి నుంచే మా కంప్యూటర్ సరిచేయడానికి ఏం వేయాలి?
– ఓ పాఠకుడు, విజయవాడ

ఏమీ వేయక్కర్లేదు. విండోస్‌లోని క్విక్ అసిస్ట్ చాలు. విండోస్, కంట్రోల్, క్యూ మూడు మీటలూ కలిపి నొక్కితే తెరుచుకుంటుంది. సహాయం చేసే మీ అబ్బాయికే మైక్రోసాఫ్ట్ ఖాతా ఉండాలి. అతను ఫోన్‌లో చెప్పిన కోడ్‌ను మీరు కొట్టి, అనుమతించాలి. ఆ కోడ్ 10 నిమిషాలే పనిచేస్తుంది. బ్యాంకు నుంచి అంటూ ఎవరైనా కోడ్ చెబితే ఫోన్ పెట్టేయండి. ఏదైనా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు విండోస్ అనుమతి అడిగితే అతనికి తెర ఆగిపోయినట్టు కనిపిస్తుంది, 'ఎస్' నొక్కాల్సింది మీరే.