అణుబాంబు సరే, ‘సోకింది’తోనే చిక్కు

సందేహం: పదో తరగతి పుస్తకంలో అణువు అంటే మాలిక్యూల్, పరమాణువు అంటే ఆటమ్. మరి హిరోషిమా మీద వేసినదాన్ని అణుబాంబు అనడం తప్పు కాదా? ‘అక్కడివాళ్లకు రేడియోధార్మికత సోకింది’ అన్న వాక్యం ఒక వ్యాసంలో చదివాను. అది సరైనదేనా?

సమాధానం: అణుబాంబు తప్పు కాదండి. అణుమాత్రం, అణువణువునా అంటున్నప్పుడు మన మనసులో ఉండేది మాలిక్యూల్ కాదు, అతి చిన్నది అన్న అర్థమే. కిటికీ సందులోంచి పడే ఎండలో కనిపించే నలుసు ఉంటుంది చూడండి, దానిలో ఆరో వంతును పరమాణువు అన్నారు పూర్వులు. అణువుకు మాలిక్యూల్ అన్న అర్థం పాఠాల కోసం చేసుకున్న ఏర్పాటు. శాస్త్రమే ముఖ్యమని పట్టుబడితే పరమాణు బాంబు అన్నా చాలదు, ఎందుకంటే పగిలేది దాని నడుమనున్న కేంద్రకం. అణుబాంబు జనం నోట నిలిచిన మాట, ఉండనివ్వండి.

రెండో వాక్యాన్ని మాత్రం దిద్దాల్సిందే. రేడియోధార్మికత అంటే రేడియేషన్‌ను వెదజల్లే గుణం, అది పదార్థానిది. కాల్చడం నిప్పు ధర్మం అంటామే, ఆ ధర్మమే ఇది. మనిషి ఒంటికి తగిలేది రేడియేషన్. పేలుడు నాటి గామా కిరణాలు, న్యూట్రాన్లు క్షణాల్లో ఒంట్లోంచి దూసుకుపోయాయి, దెబ్బ మాత్రం లోపలే ఉండిపోయింది. పైకి గాయమే లేనివాళ్లకు కూడా కొద్ది వారాల్లో దువ్వెనకు కుచ్చులుగా జుట్టు ఊడొచ్చింది, చిగుళ్లలోంచి రక్తం కారింది. రెండేళ్లు గడిచాక ల్యుకేమియా, అంటే రక్త క్యాన్సర్, పెరగడం మొదలైంది. మిగతా క్యాన్సర్లు ఇంకా చాలా ఏళ్లకు బయటపడ్డాయి.

‘సోకు’కు పాత అర్థం తాకడమే. ఎండ సోకింది, గాలి సోకింది అంటాం. కానీ ఇవాళ పేపర్లో ‘సోకింది’ అని చూస్తే ఎవరికైనా తట్టేది అంటురోగమే. ఆ అపోహ ఎంత చేటు చేసిందో జపాన్‌లో బాంబు బాధితులైన హిబకుషాలకు తెలుసు. వాళ్ల జబ్బు మనకూ అంటుకుంటుందని భయపడి సంబంధాలు కలుపుకోనివాళ్లు, పని ఇవ్వనివాళ్లు ఎందరో. ఆ పేరులోని ‘హిబకు’ను జపనీస్‌లో రెండు రకాలుగా రాస్తారు. బాంబు దాడికి గురికావడం ఒకటి, రేడియేషన్‌కు గురికావడం మరొకటి. పలుకు ఒకటే, రెండోదాని అక్షరంలో మాత్రం సూర్యుడి గుర్తు ఉంటుంది. ఎండకు ఒళ్లు అప్పగించడం దాని మూలార్థం. మన ‘ఎండ సోకడం’ నాకు వెంటనే గుర్తొచ్చింది.

జబ్బు కాదు గానీ, రేడియోధార్మిక ధూళి నిజంగా ఒంటికి అంటుకున్న సందర్భమూ ఉంది. 1954 మార్చి 1న పసిఫిక్ మహాసముద్రంలోని బికినీ దీవుల్లో అమెరికా హైడ్రోజన్ బాంబును పరీక్షించినప్పుడు, ఆ దాపున ఉన్న ఒక జపాన్ చేపల పడవ మీద తెల్లటి బూడిద రాలింది. అందులోని 23 మంది జుట్టుకూ చర్మానికీ అది పట్టుకుంది. జపాన్‌వాళ్లు దాన్ని ‘చావు బూడిద’ అన్నారు. పడవలోని ఒకరు ఆ సెప్టెంబరులోనే చనిపోయారు.

కాబట్టి హిరోషిమావాళ్లు ‘రేడియేషన్‌కు గురయ్యారు’ అని రాయండి. పడవవాళ్లకైతే ‘రేడియోధార్మిక ధూళి అంటింది’ అనండి.