ఇల్లు అమ్ముదామంటే అద్దెవాళ్ళు కదలరు

ప్రశ్న: మల్కాజిగిరిలో మాకు జీ ప్లస్ వన్ ఇల్లు ఉంది. పైన నేనుంటాను, కింది పోర్షన్‌లో 7 ఏళ్ళుగా ఒక కుటుంబం అద్దెకుంటోంది. మావారు పోయాక ఈ మెట్లు ఎక్కడం, దిగడం నా వల్ల కావట్లేదు, ఇల్లు అమ్మేసి అమ్మాయి ఇంటి దగ్గర చిన్న ఫ్లాట్ తీసుకుందామని అనుకున్నాను. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి కింది వాళ్ళ వరసే మారిపోయింది. 4 నెలలుగా అద్దె ఇవ్వట్లేదు, నెలకి 14,000. ఇల్లు చూడ్డానికి ఎవరొచ్చినా తలుపు తీయరు, తీసినా "వానొస్తే గోడలన్నీ చెమ్మండీ, ఎండాకాలం బోర్లో చుక్క రాదు" అని వచ్చినవాళ్ళకి వాళ్ళే చెప్పేస్తారు. అగ్రిమెంట్ మొదట్లో 11 నెలలకి రాసుకున్నదే, ఆ తర్వాత రాసుకోలేదు. వాళ్ళ అడ్వాన్స్ 28,000 నా దగ్గరుంది. ఇప్పుడొకాయన 90 లక్షలకి బేరం ఒప్పుకుని 5 లక్షలు బయానా ఇస్తానంటున్నారు, కానీ 3 నెలల్లో ఇల్లు ఖాళీగా అప్పగించాలట. మా మరిదేమో "కరెంటు, నల్లా కట్ చేయండి వదినా, వారంలో వాళ్ళే పోతారు" అంటున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. ఏం చేయమంటారు? (ఒక పాఠకురాలు, మల్కాజిగిరి)

జవాబు: ముందు ఆ 5 లక్షలు ముట్టుకోకండమ్మా. మీ ఉత్తరంలో నాకు భయమేసింది అద్దెవాళ్ళని చూసి కాదు, ఆ బయానాని చూసి. 3 నెలల్లో ఖాళీగా ఇస్తానని మీరు సంతకం పెట్టాక కింది వాళ్ళు కదలలేదనుకోండి, కొనేవాళ్ళ లెక్కలో మాట తప్పింది మీరే అవుతారు. గడువు దాటితే బయానాకి రెట్టింపు తిరిగివ్వాలని చాలా అగ్రిమెంట్లలో ఒక లైను ఉంటుంది, సంతకం పెట్టే హడావిడిలో దాన్ని ఎవరూ సరిగా చదవరు. అది లేకపోయినా ఆయన కోర్టుకెక్కి రిజిస్ట్రేషన్ చేయించమని అడగొచ్చు. పైగా మీ మెడ మీద 3 నెలల గడువుందని కింది వాళ్ళకి తెలిసిందా, ఇక ఖాళీ చేయడానికి వాళ్ళు ఎంత చెప్తే అంత.

మీ మరిదిగారు మంచి ఉద్దేశంతోనే చెప్పారనుకుందాం, కానీ ఆ పని మాత్రం చేయకండి. అద్దె ఇవ్వనివాళ్ళనైనా సరే కరెంటు పీకేసి, తాళం వేసి బయటికి పంపే హక్కు ఓనర్‌కి లేదు. అలా బలవంతంగా బయటికి నెట్టించుకున్నవాళ్ళు 6 నెలల్లోపు కోర్టుకెళ్ళి, ఇంటి యాజమాన్యం ఎవరిదన్న చర్చ లేకుండానే, మళ్ళీ లోపలికి రావచ్చు. ఈలోగా పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు పడితే మీ వయసులో మీరు తిరగలేరు. ఇప్పుడు అద్దె ఎగ్గొట్టిన తప్పు వాళ్ళది, నల్లా కట్టేసిన మర్నాటి నుంచి తప్పు మీది.

ఇంకో సంగతి, ఇది చాలామందికి తెలియదు. ఇల్లు అమ్ముతున్నానన్నంత మాత్రాన అద్దె హక్కు పోదు. ఇల్లు చేతులు మారితే కొన్నవాళ్ళు మీ స్థానంలో ఓనర్ అవుతారంతే, అద్దెకున్నవాళ్ళు వాళ్ళకీ అద్దెదారులే. కాబట్టి "అమ్మేస్తున్నా, పొండి" అన్న మాట కోర్టులో నిలవదు. మీకు ఉపయోగపడే సంగతులు వేరే ఉన్నాయి. పాత అద్దె నియంత్రణ చట్టం అంటే ఓనర్లందరికీ హడల్ కదా, 1960 నాటిది, కారణం చూపించకుండా ఖాళీ చేయించడానికి లేదు. కానీ 2005లో చేసిన సవరణ ప్రకారం కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 దాటిన ఇళ్ళకి అది వర్తించదు. మీది 14,000. అంటే మీరు ఆస్తి బదిలీ చట్టం కింద 15 రోజుల నోటీసుతో ఈ అద్దెని ముగించవచ్చు, కారణం కూడా చెప్పక్కర్లేదు. మీ 11 నెలల కాగితం ఎప్పుడో అయిపోయింది, ఆ తర్వాత మీరు అద్దె తీసుకుంటూ వచ్చారు కాబట్టి ఇది నెలనెలా సాగే అద్దె కిందే లెక్క.

నోటీసు మీరే తెల్లకాగితం మీద రాసి చేతికివ్వకండి, లాయర్ చేత ఇప్పించండి. రిజిస్టర్డ్ పోస్ట్ 2025లో స్పీడ్ పోస్ట్‌లో కలిసిపోయింది కాబట్టి స్పీడ్ పోస్ట్‌లోనే, అందినట్టు రసీదు వచ్చేలా పంపమనండి, వాట్సాప్‌లో కూడా ఒక కాపీ పడేయండి. నోటీసు గడువు అయ్యాక వాళ్ళు హఠాత్తుగా మంచివాళ్ళయిపోయి ఒక నెల అద్దె ఫోన్‌పే చేస్తారు చూడండి, అక్కడ జాగ్రత్త. దాన్ని మామూలు అద్దెలాగా తీసేసుకుంటే నోటీసు రద్దయినట్టేనని వాళ్ళ లాయర్ వాదిస్తాడు. ఆ డబ్బుని ఇల్లు వాడుకున్నందుకు నష్టపరిహారంగా మాత్రమే తీసుకుంటున్నామని, నోటీసు అలాగే ఉందని అదే రోజు రాతపూర్వకంగా చెప్పించండి.

అప్పటికీ కదలకపోతే సివిల్ కోర్టులో ఖాళీ చేయించమని, బకాయి ఇప్పించమని దావా. కేసు నడిచినన్నాళ్ళూ అద్దె కోర్టులో జమ చేయించమని, చేయకపోతే వాళ్ళ వాదనే కొట్టేయమని అడిగే వీలుంది, మీ లాయర్ దాన్ని మొదట్లోనే అడిగితే చాలా గొంతులు తగ్గుతాయి. "మమ్మల్ని బలవంతంగా పంపించేస్తున్నారు" అని వాళ్ళే ముందుగా ఇంజంక్షన్, అంటే మిమ్మల్ని ఆపే కోర్టు ఉత్తర్వు, తెచ్చుకోవచ్చు కాబట్టి కేవియట్ కూడా వేయించండి, అంటే మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని కోర్టుకి ముందే పెట్టుకునే అర్జీ, అది 90 రోజులు పనిచేస్తుంది. ఇవన్నీ ఉన్నాయి నిజమే, కానీ తీర్పు, దాని మీద అప్పీలు, ఆ పైన అమలు, అన్నీ కలిపితే ఎన్నేళ్ళు పడుతుందో ఏ లాయరూ మీకు మాట ఇవ్వలేడు. అందుకే నేను దావాని ఆఖరి మాటగా పెట్టుకోమంటాను.

అసలు పని బేరంలో ఉంది. లెక్క చూడండి. ఇప్పటిదాకా బకాయి 56,000. ఇంకో 2 నెలలు కూడా ఇవ్వలేదనుకుంటే 84,000. మీ ఇంటి ధరలో 1 శాతం 90,000. "అద్దెవాళ్ళున్నారు, గొడవ ఇల్లు" అన్న పేరు పడితే కొనేవాళ్ళు మాట్లాడకుండానే తగ్గించేది అంతకంటే ఎక్కువ ఉంటుంది. కాబట్టి 2 నెలల్లో ఖాళీ చేస్తే బకాయి మొత్తం వదిలేస్తాను, అడ్వాన్స్ 28,000 తాళం చెవులు ఇచ్చిన రోజే చేతికిస్తాను అని చెప్పండి. ఎగ్గొట్టినవాళ్ళకి ఎదురు ఇవ్వడమేంటని మీకు ఒళ్ళు మండుతుందని తెలుసు, నాకూ మండుతుంది. కానీ ఆ పంతం ఖరీదు లక్షల్లో ఉంది. ఒక్క రూపాయి కూడా ముందు ఇవ్వకండి, సామాను లారీ ఎక్కి, గదులు మీరు చూసుకున్నాకే.

ఒప్పుకున్నాక నోటిమాట మీద వదలొద్దు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి ఇద్దరూ కలిసి వెళ్తే, కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ రాయిస్తారు. ఫలానా తేదీకి ఖాళీ చేస్తామని అందులో సంతకం పెడితే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. తేదీ దాటితే మళ్ళీ మొదటి నుంచి దావా వేయక్కర్లేదు, నేరుగా అమలుకి వెళ్ళొచ్చు. ఇంత మంచి దారి ఉండగా మనవాళ్ళు 100 రూపాయల స్టాంపు పేపర్ మీద రాసుకుని బీరువాలో పెట్టుకుంటారు, ఎందుకో మరి.

తేదీ పెట్టేటప్పుడు వాళ్ళ పిల్లల పరీక్షలెప్పుడో అడగండి. ఆషాఢంలో ఇల్లు మారమంటే మన దగ్గర సగం మంది మారరు, ఇంట్లో ఎవరైనా నీళ్ళోసుకుని ఉంటే అసలే మారరు. ఇది సాకు కాదు, నమ్మకం. ఇంకోటి, 7 ఏళ్ళు సరిగ్గా కట్టినవాళ్ళు అమ్మకం మాట వినగానే ఆపారంటే వాళ్ళకి భయం అడ్వాన్స్ గురించేనేమో, అది తిరిగి రాదేమోనని దాన్ని అద్దెలో తినేస్తున్నారేమో. ఒకసారి కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి అడగండి. ఇల్లు చూపించే విషయంలో కూడా బ్రోకర్ ఎప్పుడు పడితే అప్పుడు నలుగురిని వెంటేసుకుని వస్తుంటే ఎవరికైనా చిరాకే. ఆదివారం 10 నుంచి 12 దాకా మాత్రమే అని కట్టడి చేయండి, సగం గొడవ అక్కడే తగ్గుతుంది. చెమ్మ ఉందన్న మాట నిజమైతే బాగు చేయించి రంగు వేయించండి, అబద్ధమైతే కొనేవాళ్ళకి మీ పైపోర్షన్ గోడలు చూపించండి.

ఇక ఆ 90 లక్షలాయనకి ఉన్నదున్నట్టు చెప్పండి. ఆగగలిగితే, గడువు అగ్రిమెంట్ రోజు నుంచి కాకుండా కింది పోర్షన్ ఖాళీ అయిన రోజు నుంచి మొదలయ్యేలా రాసుకుందామనండి. కుదరదంటే పోనివ్వండి. అద్దె ఆదాయం కోసమే కొనేవాళ్ళూ ఉంటారు, వాళ్ళకి కింది కుటుంబం అడ్డు కాదు, అయితే బకాయి సంగతి దాచకుండా చెప్పాలి.

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. హైదరాబాద్‌లో మా ఇంట్లో ఒకాయన 13 ఏళ్ళుగా అద్దెకున్నారు. అమ్ముతామంటే "12 ఏళ్ళు దాటింది, ఇల్లు నాదే" అంటున్నారు. నిజమేనా? (ఒక పాఠకుడు)

జవాబు: కాదు. ఆ 12 ఏళ్ళ మాట ఓనర్‌కి వ్యతిరేకంగా, బాహాటంగా ఆస్తిని తనదని పట్టుకున్నవాళ్ళ గురించి. మీ అనుమతితో, మీకు అద్దె కడుతూ ఉన్నవాళ్ళు 30 ఏళ్ళున్నా అద్దెదారులే, అద్దెకి దిగినవాళ్ళు ఓనర్ హక్కుని కాదనడానికి వీల్లేదని సాక్ష్య చట్టమే చెప్తోంది. ఆయన అలా అంటున్నారంటే దాన్నీ నోటీసులో రాయించండి. మీరు చేయాల్సింది, అద్దె మీ ఖాతాలో పడ్డ బ్యాంకు స్టేట్‌మెంట్లన్నీ తీసి పెట్టుకోవడం. ఇప్పటిదాకా ఇక్కడ మీవాళ్ళెవరి చేతికైనా నగదుగా ఇస్తుంటే ఈ నెల నుంచే ఆపి ఖాతాకి మార్పించండి. ఇక్కడ ఎవరికైనా పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపండి, ఇండియాకి చేరిన 3 నెలల్లోపు స్టాంపు వేయించాలి, ఆ గడువు దాటనివ్వొద్దు. మీరు ఎన్నారై కాబట్టి కొనేవాళ్ళు ధరలోంచి ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను, అదే టీడీఎస్, మామూలు 1 శాతం ఉండదు, చాలా ఎక్కువ ఉంటుంది, బేరానికి ముందే ఆడిటర్‌తో మాట్లాడుకోండి.

ప్రశ్న: నేను అద్దెకున్నదాన్ని, మీరెప్పుడూ ఓనర్ల వైపే మాట్లాడతారు. మా ఓనర్ ఇల్లు అమ్మేశారట, కొన్నాయన వచ్చి వారంలో పొమ్మంటున్నారు, అడ్వాన్స్ అడిగితే పాతాయన్ని అడగమంటున్నారు. పాతాయన ఫోన్ ఎత్తట్లేదు. (ఒక పాఠకురాలు, వరంగల్)

జవాబు: ఈసారి మీ వైపే. వారంలో పోవక్కర్లేదు, కొన్నాయన కూడా నోటీసు ఇవ్వాల్సిందే. ముందు ఆయన్ని రిజిస్ట్రేషన్ కాగితం కాపీ చూపించమనండి, లేదా రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఆ ఇంటి లావాదేవీలు చూపించే ఈసీ మీరే తీయించండి, అమ్మకం జరిగిందో లేదో అందులో తేలుతుంది. అమ్మకం సంగతి తెలియక మీరు పాత ఓనర్‌కి కట్టిన అద్దె మళ్ళీ కట్టక్కర్లేదు, తెలిశాక మాత్రం కొత్తాయనకే, అదీ బ్యాంకు ద్వారా కట్టండి. అడ్వాన్స్ ఎవరి దగ్గరుందో ఇద్దరూ కలిసి రాసివ్వమని ఇద్దరికీ ఒకే ఉత్తరం స్పీడ్ పోస్ట్‌లో పంపండి. అద్దె ఆపేసి అడ్వాన్స్‌లో చెల్లు పెట్టుకుందామని మాత్రం అనుకోవద్దు, బకాయి పడ్డవాళ్ళన్న ముద్ర పడితే మీ మాట బలహీనమవుతుంది. ఇల్లు వెతుక్కోవడానికి 2 నెలలు అడగండి, ఇస్తారు. ఆయనకి కూడా కోర్టు చుట్టూ తిరిగే తీరిక ఉండదు.