ఎడారిలో క్లోజప్‌లు

ప్రశ్న: చలికాలంలో జైసల్మేర్ వెళ్తున్నామండీ, నాకు క్లోజప్ ఫొటోల పిచ్చి, కానీ ఎడారిలో ఇసుక తప్ప ఏముంటుంది తీయడానికి అంటున్నారు మావారు. నిజమేనా?
– ఓ పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఆ ఇసుకే చాలండీ! జైసల్మేర్ నుంచి సుమారు 40 కిలోమీటర్లలో సమ్ దిబ్బలున్నాయి, సాయంత్రం అక్కడ ఒంటెలు, జీపుల గోల, అందుకే తెల్లారకముందే వెళ్లిపోండి, ఎండ ఏటవాలుగా పడితేనే గాలి గీసిన అలలకి నీడొచ్చి ఫొటోలో తేలతాయి, మధ్యాహ్నమైతే అంతా తెల్లగా చప్పగా ఉంటుంది. నల్ల పెంకుపురుగు నడిచిన జాడ కనిపిస్తే వదలకండి, సన్నగా కుట్లు వేసినట్టుంటుంది, బోర్లా పడుకుని తీయాలి (బట్టల సంగతి మర్చిపోండి). అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్ 11కి పెట్టి చూడండి. క్లోజప్‌లకి వాడే మాక్రో లెన్స్ మాత్రం రూమ్‌లోనే బిగించుకోండి, దిబ్బల మీద మార్చొద్దు. లెన్స్ అద్దం మీద ఇసుక పడితే బ్లోయర్‌తో (నొక్కితే గాలి కొట్టే రబ్బరు బుడ్డి) ఊదండి, గుడ్డతో రుద్దితే గీతలే.