ఫైలు చెయ్యి దాటాక: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒడిశాలోని గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల నుంచి వచ్చాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ఏ జిరాక్స్ షాపుకు వెళ్లినా "వాట్సాప్‌లో పెట్టండి" అంటున్నారు. ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, కులధ్రువపత్రం అన్నీ అలాగే పంపాను. ప్రింటు తీసుకున్నాక "డిలీట్ ఫర్ ఎవ్రీవన్" నొక్కితే సరిపోతుందా?
(డిగ్రీ విద్యార్థిని, పర్లాకిమిడి)

సరిపోదమ్మా. మీరు పంపిన ఫైలు షాపు ఫోనులో ఒకటి ఉంటుంది. వాట్సాప్ వెబ్ తెరిచిన కంప్యూటర్‌లో, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఇంకొకటి ఉంటుంది. మీరు నొక్కిన డిలీట్ చాట్‌లో ఉన్న సందేశాన్ని మాత్రమే తీస్తుంది. అదీ పంపిన రెండున్నర రోజుల లోపు నొక్కితేనే. కంప్యూటర్‌లోకి దిగిన కాపీ జోలికి అది పోదు. షాపువాళ్లు చెడ్డవాళ్లని కాదు. రోజుకు వంద ఫైళ్లు దిగుతుంటే ఎవరికీ తుడిచే తీరిక ఉండదు, నెల తిరిగేసరికి ఊళ్లో సగం మంది కార్డులు ఒకే ఫోల్డర్‌లో చేరతాయి. ఆ కంప్యూటర్ ఎవరు తెరిచినా అన్నీ వాళ్ల చేతికి దొరుకుతాయి.

అందుకని పంపేదే జాగ్రత్తగా పంపండి. మైఆధార్ పోర్టల్‌లో ఓటీపీతో లాగిన్ అయి, డౌన్‌లోడ్ ఆధార్ దగ్గర "మాస్క్‌డ్ ఆధార్" గడిలో టిక్కు పెడితే, మొదటి 8 అంకెలు కనబడని పీడీఎఫ్ వస్తుంది. చివరి 4 మాత్రమే ఉంటాయి. దాని పాస్‌వర్డ్ మీ పేరులో మొదటి నాలుగు ఇంగ్లిషు పెద్ద అక్షరాలు, వెంటనే పుట్టిన సంవత్సరం. మన సరిహద్దు ఊళ్లలో ఇక్కడే చాలామంది ఆగిపోతారు. స్కూల్లో రాసిన స్పెల్లింగు ఒకటి, ఆధార్‌లో ఒడియా ఉచ్చారణకు రాసిన స్పెల్లింగు ఇంకొకటి. కార్డు మీద ఇంగ్లిషులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అదే కొట్టాలి. పేరూ పుట్టిన ఏడూ తెలిసిన ఎవరైనా ఊహించగల పాస్‌వర్డ్ కనుక దాన్ని తాళం అనుకోవద్దు.

కాపీ ఇచ్చేటప్పుడు దాని మీద అడ్డంగా "ఫలానా పని కోసం మాత్రమే" అని రాసి తేదీ వేయండి. ఒకటి రెండు పేజీలైతే బ్లూటూత్‌లో పంపితే చాలు, మీ ఫోను నంబరైనా షాపు దగ్గర మిగలదు. షాపు నడిపేవాళ్లకు ఒక మాట: లోకల్‌సెండ్ అని ఓపెన్ సోర్స్ (మూలకోడు అందరూ చూడగలిగే) యాప్ ఉంది. ఒకే వైఫైలో ఉన్న ఫోను నుంచి కంప్యూటర్‌కు ఇంటర్నెట్ లేకుండా ఫైలు పంపుతుంది. విండోస్, లినక్స్ (విండోస్‌కు బదులు వాడే ఉచిత వ్యవస్థ), ఆండ్రాయిడ్ అన్నింటిలో పనిచేస్తుంది. రెండు వైపులా యాప్ ఉండాలన్నదే దానితో చిక్కు. ఏది వాడినా రాత్రి షట్టరు దించే ముందు డౌన్‌లోడ్స్, రీసైకిల్ బిన్ రెండూ ఖాళీ చేయండి.

ప్రశ్న: మాది టైపింగ్ షాపు. ఆరో తరం ఐ3 కంప్యూటరు, 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్కు. విండోస్ 10 అయిపోయిందంటున్నారు. కొత్తది కొనే స్తోమత లేదు. లినక్స్ వేస్తే తెలుగు, ఒడియా టైపింగు, ప్రింటరు, వేలిముద్ర మిషను అన్నీ నడుస్తాయా?
(షాపు యజమాని, గుణుపురం)

టైపింగు బాగా నడుస్తుంది. ప్రింటరు సంగతి మోడలును బట్టి. వేలిముద్ర మిషను మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. ఒక్కొక్కటే చూద్దాం.

విండోస్ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11కు ఇంటెల్ ఎనిమిదో తరమూ టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పూ కావాలి కాబట్టి మీ కంప్యూటరు పనికిరాదు. షరతులను దాటవేసి ఎక్కించే కిటుకులు చాలామంది చెబుతున్నారు. అలా ఎక్కించిన యంత్రానికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ కంపెనీ ఇవ్వదు. జనం కాగితాలు చేతులు మారే షాపులో ఆ పని చేయవద్దని మా సలహా.

మొదట హార్డ్ డిస్కుకు బదులు వాడే వేగమైన డిస్కు, 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ ఒకటి కొనండి. ఇప్పుడున్న నిదానానికి అసలు కారణం హార్డ్ డిస్కే. ఇంకో 4 జీబీ ర్యామ్ కూడా వేస్తే మంచిది, కానీ ఆరో తరం బోర్డుల్లో కొన్నింటికి డీడీఆర్3, కొన్నింటికి డీడీఆర్4 ఉంటుంది. పాత ముక్క తీసి చూపించి కొనండి. లినక్స్‌లలో లినక్స్ మింట్ 22, అందులో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం మీ యంత్రానికి తగినది. దానికి 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి. ఇన్‌స్టాల్ చేయడానికి దింపుకునే ఐఎస్‌ఓ ఫైలు దాదాపు 3 జీబీ ఉంటుంది. మింట్ సొంత సైటు నుంచే దింపి, ఫైలు మారలేదని తేల్చే షా256 సంఖ్య అక్కడ ఇస్తారు, దానితో సరిపోల్చండి. ఇది చాదస్తం కాదు. 2016 ఫిబ్రవరిలో ఆ సైటునే చొరబాటుదారులు పట్టుకుని, దొంగదారి దూర్చిన ఐఎస్‌ఓకు జనాన్ని మళ్లించారు. ఆ ఫైలును రూఫస్ అనే ఉచిత ప్రోగ్రాంతో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. కంప్యూటరు ఆన్ చేస్తూనే డెల్, లెనోవో అయితే ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎఫ్9 నొక్కి పెన్‌డ్రైవ్ ఎంచుకోండి. ఏదీ చెరిపేయకుండానే మింట్ తెరుచుకుంటుంది. ప్రింటరు, స్కానరు, వైఫై అన్నీ ఆ స్థితిలోనే పరీక్షించండి. తృప్తి కలిగాకే ఇన్‌స్టాల్. ఆ పని చేసేముందు పాత హార్డ్ డిస్కు కేబుల్ పీకేయండి. "డిస్కు చెరిపేయి" అన్నది పొరపాటున నొక్కినా మీ పాత ఫైళ్లకు ఏమీ కాదు.

ప్రింటర్ల విషయానికొస్తే, షాపుల్లో ఎక్కువగా కనిపించే రెండు మోడళ్లే ఇబ్బంది పెడతాయి. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020కి తనను నడిపే లోపలి ప్రోగ్రాం (ఫర్మ్‌వేర్) దాచుకునే చోటు సొంతంగా లేదు. ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటరే దాన్ని పంపాలి. లినక్స్‌లో హెచ్‌పీ ప్రింటర్లను నడిపే హెచ్‌పీలిప్ టూల్‌బాక్స్‌లో ప్లగిన్ ఒకసారి ఇన్‌స్టాల్ చేస్తే ఆ పని దానంతటదే జరుగుతుంది. చేయకపోతే ప్రింటు పంపినట్టే కనిపిస్తుంది, కాగితం మాత్రం కదలదు. క్యానన్ ఎల్‌బీపీ2900 క్యాప్ట్ అనే కంపెనీ సొంత భాషలో మాట్లాడుతుంది. లినక్స్‌లో దాన్ని నడిపించినవాళ్లు ఉన్నారు, కానీ ఒక అప్‌డేట్ రాగానే ఆగిపోతే షాపు ముందు క్యూ నిలిచిపోతుంది. ఆ ప్రింటరు ఉంటే దానికోసం ఒక విండోస్ యంత్రం ఉంచుకోవడమే మేలు.

వేలిముద్ర మిషనుకు ఆర్‌డీ సర్వీస్ అనే సాఫ్ట్‌వేర్ ఉండాలి. అది ప్రధానంగా విండోస్‌కూ ఆండ్రాయిడ్‌కూ తయారవుతుంది. మీ మిషను కంపెనీ ఆర్‌డీ సర్వీస్ యాప్‌ను ప్లే స్టోర్ నుంచి వేసి, ఓటీజీ కేబుల్‌తో మిషనును ఫోనుకు కలపండి. ఆ పని ఫోనులో, మిగతా పనంతా లినక్స్‌లో చేసుకోవచ్చు.

ఇక టైపింగు. మింట్‌లో కీబోర్డ్ సెట్టింగుల్లో లేఅవుట్స్ దగ్గర ఇండియా కింద తెలుగు, ఒడియా రెండూ చేర్చండి. రెండూ ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో ఉంటాయి. మీ ఊరి షాపుకు దీనికి మించిన మేలు లేదంటాం. ఇన్‌స్క్రిప్ట్‌లో భారతీయ లిపులన్నింటికీ ఒకే ధ్వనికి ఒకే మీట. 'కే' మీట తెలుగులో క అయితే ఒడియాలోనూ క అక్షరమే. గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి వస్తాయి. "తెలుగు" అని కొట్టాలంటే ఎల్, జెడ్, ఎన్, జీ, ఐ, జీ. ఒత్తులకు మధ్యలో 'డీ'. వేళ్లకు ఒకసారి అలవాటైతే రెండో భాష విడిగా నేర్చుకోనక్కర్లేదు, చదవడం వస్తే చాలు. పది రోజులు కష్టంగా ఉంటుంది, ఓపిక పట్టండి.

పాత ఫైళ్ల దగ్గర అసలు తలనొప్పి ఉంది. తెలుగుకు అను, ఒడియాకు ఆకృతి ఫాంట్లతో చేసినవి యూనికోడ్ (ప్రతి లిపి అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే ప్రపంచ ప్రమాణం) కావు. వాటిలో దాచింది ఇంగ్లిషు అక్షరాల సంఖ్యలనే, పైన తెలుగు బొమ్మ అతికించారు. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే పిచ్చిగీతలు కనిపిస్తాయి. ఫైలు మీదే, కానీ ఫాంటు అమ్మినవాళ్లు లేకుండా మీరు చదవలేరు. ఇరవయ్యేళ్ల దస్తావేజు నమూనాలు అలా ఒకరి చేతిలో ఇరుక్కోవడం న్యాయం కాదు. రోజూ వాడే నమూనాలు పాతిక ముప్ఫయి ఉంటాయేమో, వాటిని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులూ అంకెలూ కళ్లతో సరిచూసి ఉచిత ఆఫీసు ప్రోగ్రాం లిబ్రేఆఫీస్‌లో దాచండి. మిగతావి పీడీఎఫ్ చేసి ఉంచితే చాలు. పెళ్లిపత్రికలకు పేజీలు కూర్చే ప్రోగ్రాం స్క్రైబస్ 1.6 తెలుగును సరిగ్గా కూరుస్తుంది. మండలి, రామభద్ర, సూరన్న, గురజాడ ఫాంట్లు ఉచితం, అమ్మకపు పనికి వాడినా అభ్యంతరం లేదు. మీ వైపు సవరల కోసం ఒక సంగతి: 1936లో మంగేయ్ గొమాంగో రూపొందించిన సొరంగ్ సొంపెంగ్ లిపికి 2012 నుంచి యూనికోడ్‌లో చోటుంది. దాని నోటో ఫాంటు కూడా ఉచితమే. ఆ లిపిలో ఒక శుభలేఖ అడిగినవాళ్లను వెనక్కి పంపకండి.

ప్రశ్న: ఫోనులో కొత్త కీబోర్డు వేస్తుంటే "మీ పాస్‌వర్డ్‌లు, కార్డు నంబర్లు సేకరించవచ్చు" అని హెచ్చరిక వచ్చింది. మా ఇంట్లో నేను తెలుగు, కోడలు ఒడియా కొడతాం. ఏది వాడమంటారు?
(గృహిణి, జయపురం)

ఆ హెచ్చరిక ఆండ్రాయిడ్ ప్రతి కీబోర్డుకూ చూపిస్తుందమ్మా, మంచిదానికీ చెడ్డదానికీ తేడా లేకుండా. దాన్నిబట్టి ఏమీ తేల్చలేం. చూడాల్సింది ఇంకొకటి: ఆ కీబోర్డుకు ఇంటర్నెట్ అనుమతి ఉందా లేదా. ఈ అనుమతిని ఆండ్రాయిడ్ మనల్ని అడగదు, ఇన్‌స్టాల్ చేయగానే ఇచ్చేస్తుంది. ప్లే స్టోర్‌లో యాప్ పేజీ కింద అనుమతుల జాబితా తెరిస్తే "పూర్తి నెట్‌వర్క్ యాక్సెస్" అన్న మాట కనిపిస్తుంది. మనం కొట్టే ప్రతి అక్షరం చూసే యాప్‌కు బయటికి వెళ్లే దారి ఎందుకని అడిగే హక్కు మనకుంది.

హీలీబోర్డ్ అనే ఓపెన్ సోర్స్ కీబోర్డుకు ఇంటర్నెట్ అనుమతే లేదు. ఓపెన్ సోర్స్ యాప్‌ల దుకాణం ఎఫ్-డ్రాయిడ్‌లో దొరుకుతుంది. అందులో నేరుగా తెలుగు మీటలు నొక్కాలి, "అమ్మ"ను ఇంగ్లిషు అక్షరాల్లో కొడితే తెలుగులోకి మారదు. అలా మారడం కావాలంటే, ఒడియా కూడా ఒకే కీబోర్డులో కావాలంటే, కేరళలోని స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ బృందం చేసిన ఇండిక్ కీబోర్డు చూడండి. గూగుల్ వాళ్ల జీబోర్డే ఉంచుకుంటామంటే దాని సెట్టింగుల్లో ప్రైవసీ తెరిచి, వాడకం వివరాలు పంచుకునే మీటలన్నీ ఆపండి. మాటతో టైపు చేయడం అలవాటైతే మాత్రం, ఏ కీబోర్డు వాడినా ఆ గొంతు చాలాసార్లు కంపెనీ సర్వర్‌కు వెళ్తుందని గుర్తుంచుకోండి. బ్యాంకు వివరాలు చేత్తోనే కొట్టండి.

ప్రశ్న: ఓపెన్ సోర్స్ భద్రం అని మీరు తరచూ రాస్తారు. కోడు అందరికీ కనిపిస్తే దొంగలకూ కనిపిస్తుంది కదా?
(ఇంజినీరింగ్ విద్యార్థి, బరంపురం)

కనిపిస్తుంది. అందుకే ఓపెన్ సోర్స్ అన్న ముద్ర చూసి నమ్మమని మేం చెప్పం. 2024 మార్చి 29న బయటపడిన ఎక్స్‌జెడ్ ఉదంతం చూడండి. ఫైళ్లను కుదించే ఆ చిన్న లైబ్రరీని దాదాపు ఒకే ఒక మనిషి తీరిక వేళల్లో చూసుకుంటున్నాడు. జియా టాన్ అన్న పేరుతో ఒకరు రెండేళ్లకు పైగా సాయం చేస్తూ నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 విడుదలల్లో దొంగదారి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు దూరం నుంచి ఇంకో కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యం కావడం గమనించి, కారణం తవ్వుకుంటూ వెళ్లి పట్టుకున్నాడు. మూసిన సాఫ్ట్‌వేర్ అయితే ఆలస్యాన్ని గమనించినా లోపలికి తవ్వే దారి ఆయనకు ఉండేది కాదు.

అక్కడ ఇంకో సంగతి ఉంది, చదువుకునేవాళ్లు బాగా పట్టించుకోవాలి. ఆ దొంగదారిని మేల్కొలిపే ముక్క గిట్‌లో అందరూ చూసే కోడులో లేదు, విడుదలకు కట్టగట్టి ఇచ్చిన టార్ ఫైలులో మాత్రమే ఉంది. అంటే చదివిన కోడూ మన యంత్రంలో నడిచే ఫైలూ ఒకటేనా అన్నది విడిగా తేల్చాలి. ఎఫ్-డ్రాయిడ్ చాలా యాప్‌లను మూలకోడు నుంచి తానే తయారు చేస్తుంది. లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్, ఒకే కోడు నుంచి ఎవరు తయారు చేసినా బిట్టు తేడా లేకుండా అదే ఫైలు రావాలని ఏళ్లుగా పనిచేస్తోంది. ఆ పనిలో చేరండి. మీ వయసువాళ్లకు అక్కడ చోటుంది, ఆ ఒంటరి నిర్వాహకులకు తోడు అవసరం ఉంది.

ప్రశ్న: మా నాన్నగారి ఖాతాలోంచి ఓటీపీ రాకుండానే డబ్బు పోయింది. ఎలా సాధ్యం? ఇకముందు ఏం చేయాలి?
(రైతు, కాశీనగర్)

ఆధార్ ఆధారిత చెల్లింపుకు ఓటీపీ అక్కర్లేదు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు. కాగితాల మీది వేలిముద్రలను అచ్చుపోసి వాడిన కేసులు దేశంలో చాలా నమోదయ్యాయి. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి, బ్యాంకులో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. తప్పు బ్యాంకుదీ మీదీ కానప్పుడు, బ్యాంకు సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు తెలిపితే ఖాతాదారు నష్టం భరించనక్కర్లేదని రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఆదేశం చెప్పింది. ఆ మాట ఫిర్యాదులో రాయండి.

తర్వాత మైఆధార్‌లోగానీ ఆధార్ సంస్థ యాప్‌లోగానీ బయోమెట్రిక్ లాక్ వేయండి. నాన్నగారి ఆధార్‌కు పనిచేస్తున్న ఫోను నంబరు జతై ఉండాలి, లేకపోతే ముందు ఆధార్ కేంద్రంలో నంబరు మార్పించండి. లాక్ వేశాక రేషను షాపులోనూ వేలిముద్ర పడదు. బియ్యానికి వెళ్లిన రోజు, మిషను దగ్గర మన వంతు వచ్చినప్పుడు యాప్‌లో తాత్కాలికంగా అన్‌లాక్ చేయాలి. పది నిమిషాల్లో మళ్లీ దానంతటదే లాక్ పడిపోతుంది కాబట్టి ఇంటి దగ్గరే అన్‌లాక్ చేసి బయలుదేరకండి. నాన్నగారొక్కరే వెళ్తే ఓటీపీ వచ్చే ఫోను ఆయన జేబులోనే ఉండాలి.