ముందు ఎఫ్‌డీ, ఆ తర్వాతే గేర్‌బాక్స్

ప్రశ్న: నా వయసు 34. నేనూ మా ఆవిడా హైదరాబాద్‌లో ఒకే ఐటీ కంపెనీలో పనిచేస్తున్నాం. నెలకు నాకు 2.4 లక్షలు, తనకు 1.7 లక్షలు చేతికొస్తాయి. నల్లగండ్ల ఫ్లాట్ మీద ఇంకా 68 లక్షల అప్పు ఉంది, ఈఎంఐ 92 వేలు. పాప స్కూలు ఫీజు, ఖమ్మంలో ఉండే అమ్మానాన్నలకు పంపేది అన్నీ కలిపి ఇంటి ఖర్చు 1.4 లక్షలు. సిప్ 60 వేలు. ఈక్విటీ ఫండ్లలో 46 లక్షలు, మా కంపెనీ షేర్లు 18 లక్షలు, ఎఫ్‌డీ 6 లక్షలు ఉన్నాయి. కోటి రూపాయల టర్మ్ పాలసీ ఉంది. నాన్నకు 66 ఏళ్లు, షుగర్ ఉంది, మా కంపెనీ హెల్త్ పాలసీలోనే ఉన్నారు. నాకు కార్లంటే ప్రాణం. బీఎండబ్ల్యూ ఎం2 కొనాలని ఉంది. రాబోయే ఎం2లో మాన్యువల్ గేర్‌బాక్స్ ఉండదని మా ఫ్రెండ్స్ గ్రూపులో అంటున్నారు. అందుకని ఇప్పుడే మాన్యువల్ కొనేస్తే రేపు దానికే మంచి రేటు వస్తుందని నా లెక్క. ఆన్‌రోడ్ 1.28 కోట్లు అవుతోంది. కార్ లోన్ 70 లక్షలు, హోమ్ లోన్ టాప్‌అప్ 20 లక్షలు, ఫండ్లు తాకట్టు పెట్టి 22 లక్షలు, షేర్లు అమ్మి 10 లక్షలు, ఎఫ్‌డీ 6 లక్షలు. వారాంతాల్లో చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కు కూడా తీసుకెళ్తాను. మాన్యువల్ మంచిదా, ఆటోమేటిక్ మంచిదా?

జవాబు: మీరు గేర్‌బాక్స్ గురించి అడిగారు. నన్ను ఆపింది మాత్రం ఎఫ్‌డీ గురించి మీరు రాసిన ఆ రెండు ముక్కలు. ఇంట్లో అత్యవసరానికంటూ ఉన్న సొమ్ము ఆ 6 లక్షలే. దాన్ని కూడా లెక్క సరిపెట్టడానికి చివర్లో చేర్చేశారు. మంచి జీతాలున్న జంటలు చాలామంది ఇదే తప్పు చేస్తున్నారు, అందుకే మీ ఉత్తరానికి ఇంత వివరంగా రాస్తున్నాను. కారు పేరు మారుతుంది, విల్లా అవుతుంది, విదేశీ చదువు అవుతుంది. కానీ చివరికి కొంత తక్కువ పడినప్పుడు చెయ్యి వెళ్లేది ఎప్పుడూ ఎఫ్‌డీ మీదకే.

అడిగారు కాబట్టి గేర్‌బాక్స్ సంగతి ముందే చెప్పేస్తాను. మీ గ్రూపులో వాళ్ల భయం గాలి మాట కాదు. ఎం2లోనే ఇంకా పవర్‌ఫుల్ రకమైన 530 హార్స్‌పవర్ ఎం2 సీఎస్‌ను బీఎండబ్ల్యూ ఆటోమేటిక్‌తోనే తెచ్చింది. మామూలు ఎం2లో కూడా ఆటోమేటిక్‌కు 600 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాలను తిప్పే బలం) ఇచ్చి, మాన్యువల్‌ను 550 దగ్గరే ఆపారు. సున్నా నుంచి వందకు ఆటోమేటిక్ 4 సెకన్లలో వెళ్తే మాన్యువల్‌కు 4.2 సెకన్లు పడుతుంది. ఆ 0.2 సెకను కోసం ఎవరూ మాన్యువల్ వదులుకోరని నాకు తెలుసు. క్లచ్ తొక్కి, రెండో గేరు నుంచి మూడుకు మీ చేత్తో మీరు మార్చుకునే ఆనందం వేరు. ఆరు సిలిండర్ల ఇంజిన్, వెనక చక్రాలకు పవర్, ఆరు గేర్ల మాన్యువల్, ఈ మూడూ కలిసి ఒక కొత్త కారులో దొరకడం ఇప్పుడు అరుదు. మీ ఇష్టాన్ని నేను తక్కువ చేయను. పైగా 2023లో ఈ కారు ఇక్కడ 98 లక్షలకు విడుదలైనప్పుడు మాన్యువల్‌కు అదనంగా అడిగింది లక్ష రూపాయలే. 1.28 కోట్ల నిర్ణయంలో ఆ లక్ష పెద్ద విషయం కాదు. మీకు నచ్చింది మాన్యువల్ అయితే మాన్యువలే.

కానీ ‘రేపు రేటు పెరుగుతుంది’ అన్న మాట మీద ఆధారపడి అప్పు చేయకండి. మీరు కట్టే 1.28 కోట్లలో కారు ధర కోటి పైచిలుకే. మిగతాదంతా లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, ఒక శాతం టీసీఎస్ (కొనేటప్పుడే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను). టీసీఎస్‌ను ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుకోవచ్చు. తెలంగాణలో ఈ ధర కారుకు లైఫ్ ట్యాక్సే 18 లక్షలు దాటుతుంది, అది షోరూమ్ గేటు దాటిన రోజే పోయిన డబ్బు. మీ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొనేవాడు దాన్ని మీకు తిరిగి ఇవ్వడు. ఇక మాన్యువల్ ఎం2 కోసమే వెతికే మనిషి దేశంలో ఉంటాడు, కాదనను. మీకు డబ్బు అవసరమైన నెలలోనే అతను దొరకాలి కదా. రోజూ గచ్చిబౌలి ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కడానికి సిద్ధపడేవాళ్లు ఈ ధరలో చాలా కొద్దిమంది. దాచుకుని, పెద్దగా తిప్పకుండా, అప్పు లేకుండా పదేళ్లు ఉంచుకోగలిగినవాళ్లకు అరుదైన కారు విలువ నిలబెట్టుకోవచ్చు. ఈఎంఐ కట్టలేక అమ్మేవాళ్లకు ఆ అదృష్టం ఉండదు.

ఇప్పుడు మీ అప్పుల సంగతి. 70 లక్షలు 9 శాతానికి ఏడేళ్లు అనుకుంటే నెలకు దాదాపు 1,12,600. టాప్‌అప్ 20 లక్షలు 8.75 శాతానికి 15 ఏళ్లకు పెడితే 20 వేలు. ఫండ్ల మీద 22 లక్షలకు 10.5 శాతం చొప్పున వడ్డీయే 19 వేలు దాటుతుంది, అసలు అలాగే ఉంటుంది. మీ 92 వేలు కలిపితే నెలకు 2.44 లక్షలు. ఇంటి ఖర్చు 1.4 లక్షలు పోను మిగిలేది 26 వేలు. అంటే 60 వేల సిప్ మొదటి నెలలోనే ఆగిపోతుంది. పెట్రోలు, సర్వీసు, ఏటా ఇన్సూరెన్స్ రెన్యువల్ ఇంకా రాయలేదు. వెనక టైర్ల సైజు 285/30, 20 అంగుళాలు. నాలుగూ మార్చాలంటే లక్ష దాటుతుంది, ట్రాక్ మీద తిప్పితే అవి తొందరగానే అరుగుతాయి.

రేపు మీ ఉద్యోగం పోయిందనుకుందాం. మీ ఆవిడ జీతం 1.7 లక్షలు, ఈఎంఐలే 2.44 లక్షలు. ఆవిడ జీతమంతా పోసినా ఇంట్లోకి పాల ప్యాకెట్ కొనకముందే 74 వేలు తక్కువ. మీరిద్దరూ ఒకే కంపెనీ అన్నారు. ఆ కంపెనీ కష్టాల్లో పడితే మీ జీతం, ఆవిడ జీతం, మీ 18 లక్షల షేర్లు, నాన్నగారి హెల్త్ పాలసీ నాలుగూ ఒకేసారి దెబ్బతింటాయి. అసలు నాకు టెన్షన్ అక్కడే.

ఫండ్ల మీద లోన్ గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఈక్విటీ ఫండ్లకు సాధారణంగా విలువలో సగం వరకే అప్పిస్తారు. మీ 46 లక్షలకు గరిష్ఠంగా 23 లక్షలు, మీరు అడిగేది 22. అంటే దాదాపు అంచు దాకా తీసుకుంటున్నారు. 2020లో జనవరి నుంచి మార్చి లోపు నిఫ్టీ మూడో వంతుకు పైగా పడిపోయింది. అలాంటి పతనం వచ్చి మీ ఫండ్లు మూడో వంతు తగ్గితే మీ పరిమితి 15 లక్షల చిల్లరకు దిగుతుంది. ఆరున్నర లక్షలకు పైగా వెంటనే కట్టమంటారు. కట్టకపోతే మీ యూనిట్లు అమ్మేస్తారు, అదీ మార్కెట్ అడుగున ఉన్న సమయంలో. అప్పుడు ఆదుకోవలసిన ఎఫ్‌డీని ఇప్పటికే కారులో పెట్టేశారు. మార్కెట్ పడే రోజులు, ఐటీలో ఉద్యోగాలు తీసేసే రోజులు తరచుగా కలిసే వస్తాయి. ఇది మీకు తెలియని విషయం కాదు. తెలిసీ ఇలాంటి అప్పుకు సంతకం పెట్టడమే నాకు మింగుడుపడటం లేదు.

టాప్‌అప్ సంగతి అంతకన్నా కష్టం. అయిదారేళ్లలో మార్చేసే కారుకు, మీ పాప నిద్రపోయే ఇంటిని ఇంకో 15 ఏళ్లు తాకట్టులో ఉంచుతారా? ఈఎంఐ 20 వేలే కదా అని బ్యాంకు వాళ్లు అంటారు. వద్దు.

ఇన్సూరెన్స్ వైపు నుంచి కూడా చూడండి. కారు వయసు రెండేళ్లు దాటాక దాని ఐడీవీని, అంటే కారు మొత్తం పోతే ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తాన్ని, 30 శాతం తరుగుదలతో లెక్కిస్తారు, అదీ రిజిస్ట్రేషన్ ఖర్చులు లేని ధర మీద. అంటే మూడో ఏడు కారు మొత్తం పోతే మీకొచ్చేది సుమారు 73 లక్షలు. అప్పటికి మూడు అప్పులూ కలిపి మీరు బాకీ ఉండేది దాదాపు 95 లక్షలు. కారు లేకపోయినా 22 లక్షల అప్పు మిగులుతుంది. కారు పోతే బిల్లు ధర ఇచ్చే ‘రిటర్న్ టు ఇన్వాయిస్’ అదనపు కవర్ తీసుకుంటే కొంత నయం, అది ఎన్నేళ్ల వరకు ఇస్తారో ముందే అడగండి. ట్రాక్ విషయం మరీ ముఖ్యం. మామూలు మోటార్ పాలసీల్లో రేసింగ్‌కు, స్పీడ్ టెస్టింగ్‌కు కవర్ ఉండదు. ఇరుంగట్టుకోట్టైలో ఒక మలుపు దగ్గర కారు జారి గోడకు తగిలితే ఆ బిల్లు మీదే. ఈ కారు మెక్సికో నుంచి పూర్తిగా తయారై దిగుమతి అవుతుంది, బంపర్ బిల్లు కూడా ఆ లెక్కలోనే వస్తుంది.

నేను చెప్పేది చేస్తారా? ఈ నెలలోనే మీ కంపెనీ షేర్లు 18 లక్షలూ అమ్మండి. కారుకు కాదు, అత్యవసర నిధికి. ఇద్దరిదీ ఒకే కంపెనీ కాబట్టి మీకు ఆరు నెలలు చాలవు, పన్నెండు నెలలు కావాలి. ఇంటి ఖర్చు, హోమ్ లోన్ కలిపి నెలకు 2.32 లక్షలు, పన్నెండు నెలలకు 28 లక్షలు. ఇప్పుడున్న 6 లక్షలతో మీ ఇల్లు రెండున్నర నెలలే నడుస్తుంది. షేర్ల డబ్బు కలిపితే 24 లక్షలు, పన్ను పోను కొంచెం తగ్గుతుంది. మిగతాది నాలుగైదు నెలల్లో నింపేయొచ్చు, ఎందుకంటే సిప్ పోను కూడా మీకు నెలకు 1.18 లక్షలు మిగలాలి. అది ఎక్కడికి పోతోందో ఉత్తరంలో రాయలేదు. మీ ఆవిడా మీరూ కూర్చుని బ్యాంకు స్టేట్‌మెంట్లు ఒకసారి చూడండి. ఆ 28 లక్షలను ఎఫ్‌డీలో, లిక్విడ్ ఫండ్‌లో సగం సగం పెట్టండి. దానికి ఇంకే పేరూ పెట్టకండి, దాని మీద లోనూ తీసుకోకండి.

నిధి నిండిన తర్వాత అదే 1.18 లక్షలను విడిగా మూడేళ్లు దాస్తే, 7 శాతం వడ్డీతో 47 లక్షల దాకా అవుతుంది. అప్పుడు కారుకు అప్పు చేయొచ్చు, ఒకే ఒక్క అప్పు. నేను పెట్టే హద్దు ఏమిటంటే, ఇంట్లో ఉన్న ఈఎంఐలన్నీ కలిపి మీ ఇద్దరిలో తక్కువ జీతాన్ని దాటకూడదు. అంటే కారుకు 78 వేలు, అయిదేళ్లకు 37 లక్షల లోన్. మొత్తం 84 లక్షలు. ఆ డబ్బుకు, ఈ రోజు మీ గ్రూపులో ఎవరైనా కొంటున్న మాన్యువల్ ఎం2ను మూడేళ్ల తర్వాత మీరే కొనే అవకాశం ఉంది. మొదటి మూడేళ్ల తరుగు వాళ్లు భరిస్తారు. రాబోయే కొత్త ఎం2లో మాన్యువల్ ఉందో లేదో కూడా అప్పటికి తేలిపోతుంది.

ఈలోపు ట్రాక్ మీద మనసైతే కోయంబత్తూరులోనో చెన్నైలోనో రేసింగ్ స్కూళ్లలో వాళ్ల కారుతోనే శిక్షణ తీసుకోవచ్చు. 2025లో 53 లక్షలకు వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ లాంటి కారు కూడా ఉంది కానీ అందులో మాన్యువల్ లేదు.

టర్మ్ పాలసీ కోటి సరిపోదు. హోమ్ లోనే 68 లక్షలుంది, పాపకు నాలుగేళ్లో అయిదేళ్లో ఉంటాయి. ఇంకో కోటిన్నర తీసుకోండి, మీ ఆవిడ పేరున కూడా ఒకటి తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత టర్మ్, హెల్త్ పాలసీల మీద జీఎస్‌టీ లేదు.

నాన్నగారికి సొంత హెల్త్ పాలసీ తీసుకోవడం మాత్రం షేర్లు అమ్మేదాకా కూడా వాయిదా వేయకండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పీరియడ్ పెడతారు, అది పాలసీ తీసుకున్న రోజు నుంచే మొదలవుతుంది. కంపెనీ పాలసీ ఉండగానే ఆ గడువు గడిచిపోవాలి. 66 ఏళ్లు, షుగర్ అంటే ప్రీమియం గట్టిగానే ఉంటుంది, అయినా మీరు కట్టబోయిన కారు ఈఎంఐ ఒకటి రెండు నెలలదే అవుతుంది. ప్రపోజల్ ఫారంలో షుగర్ ఎప్పటినుంచి ఉందో, ఏ మాత్రలు వాడుతున్నారో ఒక్కటి కూడా దాచకుండా రాయండి. ఏజెంటు ‘అవసరం లేదు సార్’ అంటే ఫారం మీరే నింపండి.