ట్రిపుల్ పేన్ కిటికీలకు అదనంగా 3,000 డాలర్లు పెట్టొచ్చా? ఎడ్మంటన్ అనుభవం

మీరు అడిగింది ఇదీ: కెనడాలోని ఎడ్మంటన్‌లో 1990ల నాటి ఇల్లు కొన్నారు. 11 కిటికీలు, అన్నీ పాత డబుల్ పేన్ (రెండు అద్దాలవి). కొత్త డబుల్ పేన్‌కి 16,000 డాలర్లు, ట్రిపుల్ పేన్‌కి (మూడు అద్దాలవి) 19,000 డాలర్లు కోట్ ఇచ్చారు. ఏడేళ్లలో గ్యాస్ బిల్లులోనే డబ్బంతా తిరిగొచ్చేస్తుందని సేల్స్ అతను అంటున్నాడు, నమ్మొచ్చా అని.

నమ్మకండి. మా ఇంటికొచ్చిన అతనూ అచ్చం ఇదే మాట చెప్పాడు. అతను వెళ్లాక నేను కాగితం మీద లెక్క వేశాను, మీరూ వేసుకోవచ్చు. ప్రతి కిటికీకీ యూ-ఫ్యాక్టర్ అని ఒక అంకె ఉంటుంది. లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు కిటికీలోంచి ఎన్ని వాట్ల వేడి పోతుందో అది చెబుతుంది. తక్కువైతే మంచిది. మీ పాత కిటికీలు 2.8 దగ్గర ఉంటాయి. లో-ఈ పూత (వేడిని తిప్పికొట్టే సన్నని పొర), అద్దాల మధ్య ఆర్గాన్ వాయువు ఉన్న ఇప్పటి డబుల్ పేన్‌ని 1.6 అనీ, మంచి ట్రిపుల్‌ని 1.0 అనీ వేసుకోండి. అన్ని కిటికీలూ కలిపి 20 చదరపు మీటర్లనుకుందాం. ఎడ్మంటన్ చలిని హీటింగ్ డిగ్రీ డేస్‌లో (ఒక్కో రోజు సగటున 18 డిగ్రీల కన్నా ఎంత చల్లగా ఉందో ఏడాదంతా కూడిన మొత్తం) కొలిస్తే ఏడాదికి 5,000 పైమాటే, 5,200 వేశాను. వీటినీ, రోజుకి 24 గంటలనూ గుణిస్తే డబుల్‌కీ ట్రిపుల్‌కీ తేడా ఏడాదికి 1,500 యూనిట్లు (కిలోవాట్ అవర్లు) వస్తుంది. ఇంటిని వేడి చేసే గ్యాస్ ఫర్నేస్‌లో వృథాగా పోయేది కూడా కలుపుకుంటే 5.7 గిగాజౌల్స్ గ్యాస్.

బిల్లులో ఫిక్స్‌డ్ చార్జీలు వాడకం తగ్గినా తగ్గవు. వాడకాన్ని బట్టి మారే భాగం గిగాజౌల్‌కి 7 డాలర్లు పడుతుందనుకుంటే మీకు మిగిలేది ఏడాదికి 40 డాలర్లు. 3,000 రాబట్టడానికి 75 ఏళ్లు! పాతవాటితో పోల్చినా ట్రిపుల్ వల్ల ఏడాదికి 120 డాలర్ల చొప్పున మిగులుతుంది. ఆ లెక్కన 19,000 తిరిగి రావాలంటే మన మనవళ్లు కూడా చాలరు. గ్యాస్ లాంటి ఇంధనాల మీద కేంద్రం వేసిన ఫెడరల్ కార్బన్ చార్జీ ఉన్న రోజుల్లో ఆదా కాస్త ఎక్కువ కనిపించేది, 2025 ఏప్రిల్ 1న దాన్ని సున్నా చేశారు. మీ బిల్లు తీసి 7 బదులు మీ రేటు వేసుకోండి, లెక్క పెద్దగా మారదు. ఇల్లు కరెంటు బేస్‌బోర్డ్ హీటర్లతో నడిచేదైతే మాత్రం వేరే కథ. యూనిట్ 15 సెంట్లనుకున్నా అదే 1,500 యూనిట్లకు 225 డాలర్లు, అంటే 13 ఏళ్లలో ఆ 3,000 వచ్చేస్తుంది.

ఇంత లెక్క వేశాక కూడా మా పడకగదులకూ, ఉత్తరం వైపు హాలుకూ ట్రిపుల్ పేనే పెట్టించాను. ఎందుకో చెబుతాను.

2024 జనవరి 13, శనివారం మీకు గుర్తుండే ఉంటుంది, అప్పటికి ఇక్కడికి వచ్చి ఉంటే. ఎయిర్‌పోర్ట్ దగ్గర −45 దాకా పడిపోయింది. సాయంత్రం అందరి ఫోన్లూ ఒక్కసారే గోల పెట్టాయి, కరెంటు వాడకం తగ్గించమని మా రాష్ట్రం ఆల్బర్టా ఎమర్జెన్సీ అలర్ట్. ఇండియాలో అప్పటికే భోగి తెల్లవారింది. మా అత్తగారు ఒక పొయ్యి మీద అరిసెల పాకం, ఇంకో పొయ్యి మీద కుక్కర్ పెట్టారు. (మాది గ్యాస్ స్టవ్, అలర్ట్‌ని ధిక్కరించలేదు.) వంటింటి కిటికీ అప్పటికింకా మార్చలేదు, పాత డబుల్ పేన్. దాని అడుగున రెండు వేళ్ల వెడల్పున మంచు పేరుకుంది, పైనుంచి నీళ్లు ధారగా కారి గట్టు మీద చేరుతున్నాయి. తుడుద్దామని గుడ్డ ఆనిస్తే అది కాస్తా మూలన అతుక్కుపోయింది. పది అడుగుల దూరంలో హాల్లో ట్రిపుల్ పేన్. కింది మూలల్లో సన్నని చెమ్మ, అంతే.

ఇదీ అంకెల్లో చెప్పొచ్చు. బయట −30, లోపల 21 ఉంటే పాత కిటికీ లోపలి వైపు 2, 3 డిగ్రీలకు పడిపోతుంది. కొత్త డబుల్ 10 దగ్గర, ట్రిపుల్ 14 దగ్గర నిలుస్తాయి. గాజు అంచుల్లో ఇంకా తక్కువ ఉంటుంది. గదిలో తేమ 40 శాతం ఉంటే 7 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న దేని మీదైనా నీళ్లు పడతాయి. మన ఇళ్లల్లో తేమకు కరువా? పొద్దున ఇడ్లీ ఆవిరి, మధ్యాహ్నం పప్పు, రాత్రి మళ్లీ అన్నం, బేస్‌మెంట్‌లో స్టాండ్ మీద ఆరేసిన బట్టలు. పక్కింటి కెనడియన్ల కిటికీ పొడిగా ఉందని మన కిటికీ కూడా ఉంటుందనుకోవడానికి లేదు. ఆ నీళ్లు ఏళ్ల తరబడి గట్టు చెక్కలోకి ఇంకితే నల్లటి బూజు వస్తుంది. హ్యుమిడిఫైయర్ తగ్గించి ఆపొచ్చు కానీ 20 శాతానికి దిగితే పిల్లలకు ముక్కులోంచి రక్తం, మనకు పెదాలు పగలడం. అద్దం వెచ్చగా ఉంటే ఇంట్లో తేమ కొంచెం ఎక్కువ ఉంచుకోవచ్చు. నా వరకు డబ్బు పెట్టింది దీనికే.

రెండోది, కిటికీ పక్కన కూర్చోగలగడం. మా నాన్న వచ్చినప్పుడు థర్మోస్టాట్ 21 చూపిస్తున్నా వంటింటి కిటికీ దగ్గర కుర్చీలో శాలువా తీసేవారు కాదు, హాల్లో సోఫాలోకి మారితే తీసేసేవారు. గాలి అంతే వెచ్చగా ఉన్నా ఒంట్లో వేడిని చల్లటి అద్దం లాగేసుకుంటుంది, దానికి తోడు అద్దం దగ్గర చల్లబడిన గాలి కిందికి దిగి పాదాలకు తగులుతుంది. 1991లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో కట్టిన మొదటి పాసివ్ హౌస్‌లో (హీటింగ్ దాదాపు అక్కర్లేకుండా కట్టే ఇల్లు) ట్రిపుల్ పేనే వాడారు. ఆ పద్ధతిలో కిటికీకి 0.8 యూ-ఫ్యాక్టర్ అడగడానికి కారణం బిల్లు ఒక్కటే కాదు, కిటికీ కింద హీటర్ లేకపోయినా అక్కడ కూర్చోవాలని.

మీ కోట్‌లో తేడా కిటికీకి 270 డాలర్లు పడుతోంది. పడకగదులు, ఉత్తరం వైపువి, మీరు రోజూ పక్కన కూర్చునేవి అయితే పెట్టండి. మెట్ల దగ్గర కిటికీకీ, బేస్‌మెంట్ స్టోర్ రూమ్‌కీ నేను పెట్టను. అన్నీ ఒకేలా ఉండాలి, లేకపోతే వారంటీ కుదరదని చెబితే వేరేవాళ్ల దగ్గర అడగండి.

దక్షిణం వైపు కిటికీల దగ్గర కొంచెం ఆగి ఆలోచించాలి. డిసెంబర్‌లో ఇక్కడ పగలు ఏడున్నర గంటలే అయినా ఎండ బాగానే కాస్తుంది, ఆ వేడి ఊరికే వస్తుంది. మూడో అద్దం, దాని మీద ఇంకో లో-ఈ పూత ఆ ఎండలో కొంత ఆపేస్తాయి. ఎండ వేడిని ఎంత లోపలికి రానిస్తుందో చెప్పే ఎస్‌హెచ్‌జీసీ అంకె దక్షిణానికి 0.5 దగ్గర, వేసవి సాయంత్రాల్లో కాల్చేసే పడమటికి 0.3 లోపు అడగండి. మా కరివేపాకు కుండీ దక్షిణం కిటికీలోనే చలికాలం గడుపుతుంది. పాత అద్దానికి తగిలిన ఆకులు నల్లబడి రాలేవి. ఇప్పుడు అక్కడ ఎండ ఎక్కువ రానిచ్చే డబుల్ పేన్ పెట్టించాం, మొక్క బానే ఉంది. యూ-ఫ్యాక్టర్, ఎండ, గాలి లీకు మూడూ కలిపి కెనడాలో ఈఆర్ అనే రేటింగ్ ఇస్తారు. ఇంధనం ఆదా చేసేవాటికిచ్చే ఎనర్జీ స్టార్ లేబుల్ రావాలంటే యూ 1.22 లోపు గానీ, ఈఆర్ కనీసం 34 గానీ ఉండాలి. దాన్ని మంచి డబుల్ పేన్ కూడా అందుకోగలదు, కాబట్టి ఆ లేబుల్ చూపించి ట్రిపులే కావాలంటే ఒప్పుకోకండి. ఇలాంటి మార్పులకు 5,000 డాలర్ల దాకా ఇచ్చిన ఫెడరల్ గ్రీనర్ హోమ్స్ గ్రాంట్ 2024లోనే కొత్త దరఖాస్తులు ఆపేసింది, ఇంకా దాని పేరు చెప్పి అమ్మేవాళ్లున్నారు.

అసలు అన్నీ మార్చాలా అన్నది ఇంకో ప్రశ్న. రెండు అద్దాల మధ్య మసక పట్టి ఉంటే సీల్ పోయిందని అర్థం. ఫ్రేమ్ గట్టిగా ఉంటే అందులోని అద్దాల యూనిట్ ఒక్కటే మార్పించుకోవచ్చు, కొత్త కిటికీ ఖర్చులో కొంతే అవుతుంది. ఇది మీకు కిటికీలు అమ్మేవాడు చెప్పడు. గాలి ఎక్కడినుంచి వస్తోందో తెలియకపోతే ముందు ఎనర్‌గైడ్ ఆడిట్ (ఇంట్లో వేడి ఎక్కడ పోతోందో చూసే పరీక్ష) చేయించండి. తలుపులో ఫ్యాన్ బిగించి ఇంట్లో గాలి బయటికి లాగుతారు, అప్పుడు చెయ్యి పెడితే లీకులు తెలుస్తాయి. మాకు కిటికీల కంటే అటక మూత దగ్గరే ఎక్కువ చలి గాలి తగిలింది. అటకలో ఇన్సులేషన్ పలచగా ఉంటే మొదటి డాలరు అక్కడే పెట్టాలి. ఈ చలికాలం గడిస్తే చాలనుకుంటే హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే ప్లాస్టిక్ ఫిల్మ్ లోపలి ఫ్రేమ్‌కి అంటించి హెయిర్ డ్రయర్‌తో బిగించండి, చూడ్డానికి బాగోదు కానీ పని చేస్తుంది.

హైదరాబాద్‌లో ఇల్లు కడుతున్న మా బావమరిది ఇదంతా విని అక్కడా ట్రిపుల్ పెట్టిస్తానన్నాడు. అక్కడ కావాల్సింది ఎండని ఆపే పూత, కిటికీ పైన సజ్జా. రోడ్డు చప్పుడే బాధ అయితే ఒక లామినేటెడ్ అద్దం (మధ్యలో ప్లాస్టిక్ పొర ఉన్నది), వేరే మందం ఉన్న ఇంకో అద్దం, మధ్య ఖాళీ ఎక్కువ. ఒకే మందం ఉన్న మూడు అద్దాల కంటే అది శబ్దాన్ని బాగా ఆపుతుంది.

మీ కోట్ దగ్గరికొస్తే, అందులో "ట్రిపుల్ పేన్" అని తప్ప ఇంకేమీ రాసినట్టు లేదు. కిటికీ మొత్తం యూ-ఫ్యాక్టరా, అద్దం నడిమధ్యదా (నడిమధ్యది ఎప్పుడూ బాగా కనిపిస్తుంది), ఎన్ని లో-ఈ పూతలు, అద్దాల అంచున వాటిని విడిగా ఉంచే స్పేసర్ అల్యూమినియమా వార్మ్ ఎడ్జా (వేడిని తక్కువ పోనిచ్చేది), పాత ఫ్రేమ్ పూర్తిగా పీకేస్తారా దాని లోపలే కొత్తది దూరుస్తారా, చుట్టూ ఫోమ్ ఎవరు కొడతారు, ఇవన్నీ రాయించుకోండి. పాత ఫ్రేమ్‌లో దూర్చేస్తే చుట్టూ ఉన్న లీకులు అలాగే ఉంటాయి, మీరు పెట్టిన మూడో అద్దం వాటిని ఆపలేదు. పెద్ద కిటికీ తెరుచుకునేదైతే కీళ్లు ఎంత బరువు మోస్తాయో అడగండి. 4 మి.మీ. అద్దం చదరపు మీటరుకి 10 కిలోలు, మూడంటే 30. "ఈ రోజు సంతకం పెడితే 40 శాతం తగ్గింపు" అన్నారంటే వచ్చే వారం కూడా ఆ ధరకే ఇస్తారు, మాకు ఇంకా తగ్గించే ఇచ్చారు.