ఇంటి ముందు సైడ్‌వాక్ వేస్తామంటే భయపడాలా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. అమెరికాలో ఈ మధ్యే ఇల్లు కొనుక్కున్నాం. మా వీధిలో సైడ్‌వాక్ (రోడ్డు పక్కన నడిచేవాళ్ల కాలిబాట) వేసే ఆలోచన ఉందంటూ సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. గడ్డిలో గులాబీ రంగు జెండాలు పాతి వెళ్లారు. మా స్థలం పోతుందా? ఇరుగుపొరుగువాళ్లు కొందరు వద్దని సంతకాలు సేకరిస్తున్నారు. వీసా మీద ఉన్న మేం ఇందులో తలదూర్చవచ్చా?

జవాబు: తమ్ముడూ, మీ భయం ఎక్కడిదో నాకు తెలుసు. నేను నల్లగొండలో పెరిగినవాణ్ని. మన పట్టణాల్లో మున్సిపాలిటీ సిబ్బంది టేపు పట్టుకొని వచ్చి గోడ మీద ఎర్ర రంగుతో గీత గీశారంటే అంతవరకూ కూల్చేస్తారని అర్థం. ప్రహరీ, మెట్లు, అరుగు, ఒక్కోసారి ముందు గది కూడా పోతుంది. రోడ్డు వెడల్పు అన్న మాట వినగానే ఇంట్లో అన్నం సహించదు. జెండాల సంగతి ఫోనులో చెబితే మీ నాన్నగారు కూడా అదే అనుకొని ఉంటారు.

ఇక్కడ రంగుల లెక్క వేరు. గులాబీ జెండా అంటే సర్వే చేస్తున్నారని మాత్రమే. తవ్వబోయే చోటుకు తెలుపు, కరెంటు తీగలకు ఎరుపు, గ్యాస్‌కు పసుపు, మంచినీళ్ల పైపుకు నీలం, మురుగుకు ఆకుపచ్చ, ఫోను, ఇంటర్నెట్ తీగలకు నారింజ రంగు. మీ గడ్డిలో ఉన్నవి గులాబీవే కాబట్టి ఇంకా కొలతల దశలోనే ఉన్నారు. వాటిని పీకకండి, పిల్లలనూ ముట్టుకోనివ్వకండి.

స్థలం సంగతికి వస్తే, ఇల్లు కొన్నప్పటి కాగితాల్లో ప్లాటు మ్యాపు ఉంటుంది. అందులో రైట్ ఆఫ్ వే, అంటే వీధి కోసం కేటాయించిన మొత్తం వెడల్పు, ఎంతో చూడండి. నివాస వీధులకు సాధారణంగా 50 లేదా 60 అడుగులు ఉంచుతారు. తారు మాత్రం అంత వెడల్పున వేయరు. 50 అడుగుల్లో తారు 28 అడుగులే ఉంటే, రెండు పక్కలా పదకొండేసి అడుగుల గడ్డి వీధిదే. మీరు నీళ్లు పోసి, కోసి, చక్కగా పెంచుతున్నా అది మీ పట్టా భూమి కాదు. సైడ్‌వాక్ మామూలుగా ఐదడుగులు ఉంటుంది, చాలాసార్లు ఆ పదకొండులోనే సరిపోతుంది. మీ హద్దు దాటి లోపలికి రావలసి వస్తే సిటీ మీ అనుమతి అడగాలి, లేదా పరిహారం ఇచ్చి తీసుకోవాలి. పని జరిగినన్నాళ్లు మీ స్థలంలో అడుగు పెట్టడానికి తాత్కాలిక ఒప్పందం మీద సంతకం అడగడం మామూలే. అది ఎంతకాలం, ఎన్ని అడుగులు, చెడిపోయినదాన్ని ఎవరు బాగు చేస్తారు అన్నవి చదివి తెలుసుకున్న తరువాతే సంతకం పెట్టండి.

ఖర్చు ఎవరిదన్నది ఊరిని బట్టి ఉంటుంది. కొన్ని చోట్ల సిటీ నిధులు, కొన్ని చోట్ల పిల్లలు బడికి క్షేమంగా నడిచి వెళ్లే పథకాల కింద వచ్చే గ్రాంటు, కొన్ని చోట్ల ఆ వీధి ఇళ్లవాళ్ల మీద ప్రత్యేక పన్ను. సిటీ ఇంజనీరును సూటిగా అడగండి. వేసిన తరువాత మరమ్మతు ఎవరిది, మంచు పడితే ఎన్ని గంటల్లోపు తీయాలి అన్నవి కూడా అడగండి. చలి ప్రాంతాల్లో చాలా ఊళ్లు ఆ బాధ్యత ఇంటివాళ్ల మీదే పెడతాయి.

మనవాళ్లు పట్టించుకోనిది ఇంకొకటి ఉంది. గరాజ్ తలుపు నుంచి సైడ్‌వాక్ లోపలి అంచు దాకా ఎంత దూరం మిగులుతుందో కొలవండి. ఇరవై అడుగులు ఉంటే కారు హాయిగా నిలుస్తుంది. అంతకన్నా బాగా తగ్గితే కారు వెనక భాగం సైడ్‌వాక్ మీదికి వస్తుంది, దానికి జరిమానా వేస్తారు. మన ఇళ్లలో రెండు మూడు కార్లు, పండగొస్తే చుట్టాల కార్లు. సైడ్‌వాక్‌ను ఒకటి రెండు అడుగులు వీధి వైపు జరపమని డ్రాయింగు తొలి దశలో అడిగితే జరిపే అవకాశం ఉంటుంది. డ్రాయింగులు దాదాపు పూర్తయ్యాక అడిగితే కష్టం.

ఇక సంతకాల సంగతి. నా మాట నిక్కచ్చిగా చెబుతాను: వద్దనే కాగితం మీద సంతకం పెట్టకండి. చెట్లు పోతాయని, వీధి అందం పోతుందని మీ పొరుగువాళ్లు బాధపడటంలో న్యాయముంది. చెట్టును తప్పించి దారిని కాస్త వంచమని మీరూ అడగవచ్చు. కానీ ఆ వీధిలో ఎవరు నడుస్తారో ఆలోచించండి. మన అమ్మానాన్నలు నడుస్తారు. ఆరు నెలలు ఉండటానికి వస్తారు, కారు నడపరు, పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉంటారు. మా నాన్నగారు నల్లగొండలో పొద్దున్నే లేచి ఎన్జీ కాలేజీ మైదానంలో నడిచి వచ్చేవారు. ఇక్కడికి వచ్చాక మా వీధిలో ఒక కాలు తారు మీద, ఒక కాలు గడ్డిలో వేస్తూ నడిచేవారు. కారు వస్తే పక్కింటి పోస్టు డబ్బా పట్టుకొని గడ్డిలోకి జరిగేవారు. అమ్మ చీర కుచ్చిళ్లు తేమకు తడిసి బరువెక్కేవి. కొన్నాళ్లకు ఇద్దరూ బయటికి వెళ్లడం మానేసి గరాజ్‌లోనే అటూ ఇటూ తిరిగేవారు. ఆ దృశ్యం చూసినవాణ్ని గనుక ఈ విషయంలో నేను మధ్యస్థంగా మాట్లాడలేను. సైడ్‌వాక్‌లు వేస్తే, రోడ్డు వెంట నడిచేవాళ్లకు జరిగే ప్రమాదాలు 65 నుంచి 89 శాతం దాకా తగ్గుతాయని ఇక్కడి ఫెడరల్ హైవే శాఖే చెబుతోంది. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకు, పసిపిల్లల బండి తోసే తల్లులకు కూడా అదే దారి.

వీసా మీద ఉన్నామన్న సంకోచం వద్దు. ఓటు వేయడం పౌరులకే, దాని జోలికి వెళ్లకండి. సిటీ కౌన్సిల్ సమావేశంలో అభిప్రాయం చెప్పడం వేరు. ఆ వీధిలో ఉంటూ ఆస్తి పన్ను కడుతున్న మీరు నిస్సంకోచంగా మాట్లాడవచ్చు. మన జిల్లావాళ్లకు ఇది కొత్త కూడా కాదు. 2003లో లంబాపూర్, పెద్దగట్టు యురేనియం తవ్వకాల మీద ప్రజాభిప్రాయ సేకరణ పెట్టినప్పుడు, నాగార్జునసాగర్ నీళ్లు పాడవుతాయని ఊళ్లవాళ్లు అధికారుల ఎదుటే నిలబడి చెప్పారు. ఆ గనులు తెరుచుకోలేదు. అంత పెద్ద విషయంలో నోరు విప్పిన జిల్లా నుంచి వచ్చి, ఐదడుగుల దారి దగ్గర మౌనంగా ఉండటం ఎందుకు?

సమావేశానికి కాస్త ముందే వెళ్లి పేరు రాయించుకోండి. సాధారణంగా మూడు నిమిషాలు ఇస్తారు, గడియారం చూసి ఆపేస్తారు. పేరు, చిరునామా చెప్పి, సభాధ్యక్షులను ఉద్దేశించి మాట్లాడండి. ఎదురు మాట్లాడే పొరుగాయన వైపు తిరగకండి, రేపు పొద్దున ఆయన ముఖమే చూడాలి. మీ ఇంటి ముందు కొలతలు, వీధి ఫోటో ఒకటి చూపించండి. ఉచ్చారణ గురించి బెంగపడకండి. మాట్లాడలేకపోతే ఉత్తరం రాయండి, అదీ రికార్డులోకి వెళ్తుంది. మీ అమ్మానాన్నలు ఇక్కడ ఉన్న రోజుల్లోనే సమావేశం జరిగితే వాళ్లనూ తీసుకెళ్లండి, అవి అందరికీ తెరిచిన సభలే.

దారి వేసేదాకా మాత్రం వాళ్లకు ఒక జాగ్రత్త చెప్పండి. ఇక్కడ కార్లు కుడి పక్కన వెళ్తాయి కాబట్టి రోడ్డు ఎడమ అంచున, కార్లకు ఎదురుగా నడవాలి. లేత రంగు బట్టలు వేసుకోవాలి. పని మొదలయ్యే ముందు డ్రైవ్‌వే, మొక్కలు, గడ్డిలోని నీళ్ల పైపుల ఫోటోలు తేదీతో సహా తీసి ఉంచుకోండి. కాంట్రాక్టరు ఏదైనా పగలగొడితే అవే మీకు ఆధారం.